ప్రభుత్వ పాఠశాల వేడుకల్లో మతప్రార్థనకు చోటుండాలా?

విశాఖపట్నం గాజువాక ప్రాంతంలో మీ అమ్మాయి చదువుతున్న ప్రభుత్వ ఉన్నత పాఠశాల వార్షికోత్సవ ఆహ్వాన పత్రికలో మొదటి అంశంగా గణపతి ప్రార్థన, రెండవ అంశంగా సరస్వతీ పూజ వేశారని రాశారు. దానిపై కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పగా, మరికొందరు మూడు మతాల ప్రార్థనలూ పెట్టి గొడవ ముగిద్దామన్నారనీ, ఇంకొందరు ఇది మన ఆచారం కాబట్టి ఎవరి కోసమూ మార్చనక్కర్లేదని పట్టుబట్టారనీ చెప్పారు. పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యురాలిగా మీరు ఏ మాట చెప్పాలన్నది మీ సందేహం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్రభుత్వ పాఠశాల తన పేరుతో, తన వేదిక మీద జరిపే వేడుకలో ఏ మతానికి చెందిన ప్రార్థనా ఉండకూడదు. మూడు మతాల ప్రార్థనలను వరుసగా పెట్టడం కూడా దానికి విరుగుడు కాదు. దేవుడంటే గిట్టక ఈ మాట చెప్పడం లేదు. అక్షయ తృతీయనాడు అప్పన్న నిజరూప దర్శనం కోసం తెల్లవారకముందే సింహాచలంలో వరుసలో నిలబడేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఈ జిల్లాలోని జిల్లా పరిషత్, పురపాలక పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం బోధించి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన అనుభవంతో చెబుతున్నాను: ఈ తగవులో పెద్దలు తమ గౌరవం గురించి, తమ ఆచారం గురించి మాట్లాడతారు కానీ, దాని బరువంతా చివరికి వరుసలో నిలబడిన ఒకరిద్దరు పిల్లల మీద పడుతుంది.

మొదట చట్టం సంగతి చూద్దాం. రాజ్యాంగంలోని 28వ అధికరణం మొదటి క్లాజు ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే ఏ విద్యాసంస్థలోనూ మతబోధన జరగకూడదు. ఏదైనా ట్రస్టు నెలకొల్పిన సంస్థ నిర్వహణ మాత్రమే ప్రభుత్వం చేతిలో ఉండి, ఆ ట్రస్టు నిబంధనలే మతబోధన జరగాలని కోరితే, దానికి రెండవ క్లాజు మినహాయింపు ఇస్తుంది. మూడవ క్లాజు మీకు అన్నిటికంటే ముఖ్యమైనది: ప్రభుత్వ గుర్తింపు ఉన్న లేదా ప్రభుత్వ సహాయం అందుకునే ఏ విద్యాసంస్థలోనైనా, అక్కడ జరిగే మతబోధనలో పాల్గొనాలని గానీ ఆరాధనకు హాజరు కావాలని గానీ, విద్యార్థి అంగీకారం లేకుండా, మైనరైతే సంరక్షకుల అంగీకారం లేకుండా, ఎవరినీ నిర్బంధించకూడదు. సహాయం అందుకునే పాఠశాలలతో పాటు గుర్తింపు ఉన్న పాఠశాలలన్నిటినీ అది ప్రస్తావిస్తోంది కనుక, మన నగరంలోని ప్రైవేటు, కార్పొరేట్ పాఠశాలలు కూడా ఈ నియమం కిందికి వస్తాయి. ఈ సంగతి వాటి యాజమాన్యాల్లో చాలామందికి తెలియదు, తల్లిదండ్రులకు అసలే తెలియదు.

ఇక్కడ న్యాయవాదులు ఒక వాదన తెస్తారు. మొదటి క్లాజు నిషేధించింది మతబోధనను మాత్రమేననీ, రెండు నిమిషాల ప్రార్థన బోధన కిందికి రాదనీ అంటారు. నాకు ఈ వాదన నిలబడేదిగా కనిపించదు. 1971లో పంజాబ్‌కు చెందిన డి.ఎ.వి. కళాశాల కేసులో సుప్రీంకోర్టు, ఒక మతశాఖకు చెందిన సిద్ధాంతాలను, కర్మకాండను, ఆచారాలను, ఆరాధనా పద్ధతులను మనసుకెక్కించేందుకు ఇచ్చే శిక్షణే మతబోధన అని వివరించింది. అదే తీర్పులో గురునానక్ జీవితాన్నీ బోధలనూ అధ్యయనం చేయించడం మతబోధన కాదని కూడా చెప్పింది. పూజ ఎలా చేయాలో, ఏ శ్లోకం ఎప్పుడు చదవాలో వందలమంది పిల్లల చేత ఏటా చేయించి చూపడం ఈ వివరణలోని ఆరాధనా పద్ధతికి దగ్గరగా ఉంటుందా, అధ్యయనానికి దగ్గరగా ఉంటుందా అన్నది మీరే ఆలోచించండి. అదీ కాక, కొంత సహాయం మాత్రమే పొందే పాఠశాల సైతం పిల్లవాణ్ణి ఆరాధనకు బలవంతపెట్టకూడదని మూడవ క్లాజు చెబుతుంటే, పూర్తిగా ప్రజాధనంతో నడిచే పాఠశాలకు ఆ స్వేచ్ఛ ఉందనడం తలకిందుల తర్కం.

అయినా న్యాయస్థానాల్లో ఈ విషయం పూర్తిగా తేలిపోయిందని చెప్పడం సరికాదు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు, మతాల గురించి పిల్లలకు తెలియజెప్పడం వేరు, మతబోధన వేరు అని గుర్తించి, మొదటిదానికి రాజ్యాంగం అడ్డు రాదని చెప్పింది. కేంద్రీయ విద్యాలయాల ఉదయపు ప్రార్థనలో ‘అసతోమా సద్గమయ’ వంటివి ఉండటంపై వచ్చిన వ్యాజ్యాన్ని 2019 జనవరిలో సుప్రీంకోర్టులోని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇది విస్తృత ధర్మాసనం పరిశీలించవలసినంత ముఖ్యమైనదని అటు నివేదించింది. బృహదారణ్యకోపనిషత్తులోని ఆ వాక్యం, అసత్యం నుంచి సత్యానికి నడిపించమనే ఆ వేడికోలు, మతప్రార్థనా లేక అందరూ పంచుకోదగిన భావమా అన్నది నిజంగానే కష్టమైన ప్రశ్న. మీ ఆహ్వాన పత్రికలో ఉన్న పూజ విషయంలో అంత కష్టం లేదు. పటానికి పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, పిల్లలందరినీ కళ్లకద్దుకోమనడం ఏ లెక్కన చూసినా ఆరాధనే.

చట్టం కంటే నన్ను ఎక్కువగా కదిలించేది వరుసలో నిలబడిన పిల్లవాడి పరిస్థితి. ప్రేయర్ గంట కొట్టగానే డ్రిల్లు మాస్టారి ఈలకు అనుగుణంగా మూరెడు ఎడంతో నిలబడిన ఆరువందలమందిలో, ఒక్క పిల్ల చేతులు జోడించకపోతే ఎంత దూరానికి కనిపిస్తుందో ఉపాధ్యాయులకు తెలుసు. నేను పనిచేసిన ఒక పాఠశాలలో ఏడవ తరగతి చదివే పెంతెకోస్తు క్రైస్తవ కుటుంబపు అమ్మాయి శ్లోకం చదివేటప్పుడు పెదవులు కదపకుండా నిలబడేది. ఎవరినీ ఏమీ అనేది కాదు, తల వంచుకుని నిలబడేది. కొత్తగా వచ్చిన ఉపాధ్యాయురాలొకరు దాన్ని పొగరుగా భావించి, అందరి ముందూ వేదిక ఎక్కించి, ఆ శ్లోకం ఒంటరిగా చదవమన్నారు. అమ్మాయి చదివింది, తప్పులు లేకుండా చదివింది, ఎందుకంటే రోజూ వింటున్నదే. తర్వాత వారం రోజుల పాటు బడికి రాలేదు. వాళ్ల నాన్న వచ్చి టి.సి. అడిగాడు, నేను బతిమాలి ఆపాను. ఆ ఉపాధ్యాయురాలు చెడ్డ మనిషి కాదు, పిల్లలంటే ప్రాణం పెట్టేవారు. ప్రార్థన అందరిదీ అని నిజంగా నమ్మారు కనుకనే అందులో కలవని పిల్లలో ఆమెకు అవిధేయత కనిపించింది. పాఠశాల ఒక మతప్రార్థనను తన కార్యక్రమంలో చేర్చుకున్నాక ఇటువంటి సంఘటనలు ఉపాధ్యాయుల మంచితనం వల్ల ఆగవు.

బలవంతం ఏమీ లేదు, ఇష్టం లేనివాళ్లు ఊరికే నిలబడవచ్చు కదా అని మీ కమిటీలో ఎవరో ఒకరు తప్పక అంటారు. పెద్దవాళ్ల సభలో అది చెల్లుతుంది. పన్నెండేళ్ల పిల్లకు అది స్వేచ్ఛ కాదు, పరీక్ష. అంతేకాదు, 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరూ బడిలో ఉండాలని మనమే కోరుతున్నాం. రాకపోతే ఇంటికి వెళ్లి మరీ పిలుచుకొస్తున్నాం. రావడం తప్పనిసరి చేసిన చోట, వచ్చాక జరిగేది ఎవరి మనస్సాక్షికీ గుచ్చుకోకుండా చూసే బాధ్యత కూడా మనదే అవుతుంది.

వన్‌టౌన్ నుంచి హార్బరు వైపు చూస్తే వేంకటేశ్వర కొండ, దర్గా కొండ, రాస్ హిల్ పక్కపక్కనే కనిపిస్తాయి. మతసామరస్యం గురించి మన ఊళ్లో ఎవరు మాట్లాడినా ఆ మూడు కొండలను తలుచుకోకుండా ముగించరు, మూడు మతాల ప్రార్థనలు పెట్టాలనే మీ కమిటీ సభ్యులు కూడా బహుశా ఆ దృశ్యాన్నే మనసులో ఉంచుకుని ఉంటారు. కానీ ఆ కొండలలో ఏది ఎక్కాలన్నది ఎక్కేవాడి ఇష్టం; అసలు ఏదీ ఎక్కకుండా ఇంటికి పోయినా అడిగేవారు లేరు. పాఠశాల ప్రాంగణంలో ఆ ఎంపిక ఉండదు. అక్కడ మూడు ప్రార్థనలు పెడితే, ఒక్కొక్క పిల్లవాడూ తనది కాని రెండు ప్రార్థనల్లో నిలబడవలసి వస్తుంది. తన మతంలో మరొక దేవుణ్ణి ప్రార్థించడం నిషిద్ధమని నమ్మే కుటుంబపు బిడ్డకు ఇది ఊరట కాదు, కష్టం రెట్టింపు అవుతుంది. పైగా మూడు అనే లెక్క ఎవరు నిర్ణయించారు? మన జిల్లాలో బౌద్ధులున్నారు, సిక్కులున్నారు, జైనులున్నారు, ఏ దేవుణ్ణీ నమ్మని కుటుంబాలున్నాయి. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చి సంక్షేమ హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలకు తమ ఊరి దేవతలు, తమ పండుగలు ఉన్నాయి; వాటిని ఈ మూడింటిలో దేనికింద రాయాలో ఏ ప్రధానోపాధ్యాయుడూ చెప్పలేడు. ఎవరి ప్రార్థన ముందు, ఎవరిది తర్వాత, ఎవరికి ఎన్ని నిమిషాలు అన్న తగవుతో వేడుక మొదలవడం నేను చూశాను. అందరినీ కలుపుదామని మొదలుపెట్టిన పని చివరికి పిల్లలను తలలు లెక్కపెట్టి విడదీసే పనిగా మారుతుంది.

మెజారిటీ మాట చెల్లాలనేవారికి కూడా ఇదే జవాబు. మీ పాఠశాలలో హిందూ పిల్లలు ఎక్కువ. తీరం వెంబడి కొన్ని మత్స్యకార గ్రామాల్లో, మన్యంలో కొన్ని ఊళ్లలో క్రైస్తవ కుటుంబాలు ఎక్కువ. పాతబస్తీలో కొన్ని ఉర్దూ పాఠశాలల్లో దాదాపు అందరూ ముస్లిం పిల్లలే. మెజారిటీయే కొలత అయితే, ఆ పాఠశాలల్లోని ఒకరిద్దరు హిందూ పిల్లల చేత అక్కడి ప్రార్థన చేయించడానికి మనం ఒప్పుకోవాలి. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభ ఈ అధికరణాన్ని చర్చించినప్పుడు డాక్టర్ అంబేద్కర్ కూడా, అందరి పన్నులతో కూడబెట్టిన ప్రజాధనాన్ని ఒక మతం ప్రయోజనానికి వాడకూడదనీ, అనేక మతాలున్న దేశంలో ప్రభుత్వ పాఠశాల ఈ బాధ్యత నెత్తిన వేసుకోవడం సాధ్యం కాదనీ వాదించారు. అంతకు ముందు, 1854లో, ఈస్టిండియా కంపెనీ పాలకులు సైతం, కంపెనీ వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి చార్లెస్ ఉడ్ పంపిన విద్యా లేఖలో ప్రభుత్వ సంస్థల్లో చదువు పూర్తిగా లౌకికంగా ఉండాలని రాసుకున్నారు. క్రైస్తవులైన పాలకులే క్రైస్తవాన్ని ప్రభుత్వ బడిలోకి తేవడం క్షేమం కాదని గ్రహించారంటే, ఇది కేవలం ఈనాటి రాజకీయాల నుంచి పుట్టిన ఆలోచన కాదని అర్థమవుతుంది.

మన ఊళ్లో ప్రత్యేకంగా వినిపించే మరో మాట ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 1805లో లండన్ మిషనరీలు విశాఖపట్నం చేరి బడి పెట్టిన నాటి నుంచి ఇక్కడ ఎన్నో తరాల హిందూ కుటుంబాల పిల్లలు మిషన్ పాఠశాలల్లో చదివారు. వాళ్లలో అనేకులు, ‘మేము రోజూ క్రైస్తవ ప్రార్థన చేశాం, కీర్తనలు పాడాం, మా మతం ఏమీ మారలేదు, మా మనసులూ గాయపడలేదు, మరి వీళ్లకెందుకు అభ్యంతరం?’ అంటారు. వాళ్ల అనుభవం నిజమే. కానీ ఆ పాఠశాలను వాళ్ల తల్లిదండ్రులు కోరి ఎంచుకున్నారు. అది క్రైస్తవుల పాఠశాల అని తెలిసే చేర్పించారు. అల్పసంఖ్యాక వర్గాలు తమ విద్యాసంస్థలను తాము నడుపుకునే హక్కు 30వ అధికరణం ఇచ్చింది, అక్కడ కూడా బలవంతం చేయకూడదన్న నియమం ఉండనే ఉంది. ప్రభుత్వ పాఠశాలకు వచ్చే పిల్లవాడికి చాలాసార్లు మరో బడి ఉండదు. మరొక సంగతి: మిషన్ బడిలో ప్రార్థన చేసిన హిందూ పిల్లవాడు గేటు దాటగానే తన పండుగలు, తన గుడులు, తనవాళ్లతో నిండిన ఊళ్లోకి వచ్చేవాడు. ఆ భరోసా అల్పసంఖ్యాకుడైన పిల్లవాడికి ఉండదు. అతనికి ప్రభుత్వ పాఠశాల కూడా తనది కాదనిపిస్తే, తనదనిపించే ప్రభుత్వ స్థలం ఇంకేమీ మిగలదు.

ఇటువంటి పిల్లల గురించి మన న్యాయవ్యవస్థ చెప్పిన గొప్ప తీర్పు 1986 ఆగస్టులో వచ్చింది. కేరళలో యెహోవా సాక్షుల శాఖకు చెందిన ముగ్గురు తోబుట్టువులు జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా నిలబడేవారు కానీ, తమ విశ్వాసం అనుమతించదని పాడేవారు కాదు. 1985లో వాళ్లను బడి నుంచి తీసేశారు. ఆ పిల్లలను తిరిగి చేర్చుకోవాలని తీర్పు రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతోందనీ, మన తత్త్వచింతన సహనాన్ని బోధిస్తోందనీ, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తోందనీ, దాన్ని పలచబరచవద్దనీ ఆయన అన్నారు. జాతీయగీతం విషయంలోనే నోరు విప్పమని బలవంతం చేయకూడదంటే, ఒక మతానికి చెందిన శ్లోకం విషయంలో వేరే చెప్పాలా? ఈ రక్షణ పిల్లలకే కాదు, ఉపాధ్యాయులకూ ఉంది. నాసిక్‌లోని ఒక పాఠశాలలో ప్రార్థన సమయంలో చేతులు జోడించనందుకు చర్యలు ఎదుర్కొన్న ఉపాధ్యాయుడి పక్షాన 2013లో బొంబాయి హైకోర్టు నిలబడింది.

మన ఊరి నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన బంధువులు అక్కడి సంగతులు చెబుతుంటారు కాబట్టి ఆ దేశపు అనుభవాన్నీ క్లుప్తంగా ప్రస్తావిస్తాను. అక్కడ 1962లోనే ప్రభుత్వ పాఠశాలల్లో అధికారికంగా రాసిచ్చిన ప్రార్థన చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. మీ ప్రశ్నకు మరింత దగ్గరైనది 1992 నాటి లీ వర్సెస్ వైజ్‌మన్ కేసు. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఒక ప్రభుత్వ మాధ్యమిక పాఠశాల పట్టాల వేడుకకు ఒక యూదు మతగురువును పిలిచి, అన్ని మతాలకూ సరిపడేలా మెత్తని మాటలతో ప్రార్థన చేయించారు. అభ్యంతరం చెప్పిన కుటుంబం కూడా యూదు కుటుంబమే. వేడుకకు రావడం తప్పనిసరి కాదు కదా అన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. జీవితంలో ఒక్కసారి వచ్చే వేడుకను వదులుకోమనడం నిజమైన ఎంపిక కాదనీ, తోటివాళ్ల మధ్య ఆ వయసు పిల్లల మీద పడే ఒత్తిడి బలవంతంతో సమానమనీ చెప్పింది. తీర్పు 5-4 తేడాతో వచ్చిందంటే అక్కడా ఈ విషయంలో మనుషులు ఎంతగా చీలిపోయారో తెలుస్తుంది. 2022లో అదే కోర్టు, ఒక ఫుట్‌బాల్ శిక్షకుడు ఆట ముగిశాక మైదానంలో తన మటుకు తాను చేసుకునే ప్రార్థనను పాఠశాల అడ్డుకోకూడదని తీర్పు ఇచ్చింది. వాళ్ల రాజ్యాంగం వేరు, మన రాజ్యాంగం వేరు, ఆ తీర్పులు మనకు వర్తించవు. కానీ ఒక వ్యక్తి తన కోసం చేసుకునే ప్రార్థనకూ, సంస్థ తన పేరు మీద అందరి చేతా చేయించే ప్రార్థనకూ మధ్య గీత గీయాలన్న ఆలోచన మనకూ పనికొస్తుంది.

మన పిల్లల్లో భక్తి ఉంటే దాన్ని అణచమని ఎవరూ అనడం లేదు. పదవ తరగతి పిల్లలు పరీక్షకు బయలుదేరే ముందు తమ హాల్ టికెట్‌ను తామే దేవుడి పటం ముందు పెట్టుకుంటే, మధ్యాహ్నం విరామంలో ఒక పిల్లవాడు మూలన కూర్చుని నమాజు చేసుకుంటే, ఒకమ్మాయి అన్నం తినే ముందు కళ్లు మూసుకుని ప్రభువును తలుచుకుంటే, ఉపాధ్యాయులకు అందులో తలదూర్చే పని లేదు. అయితే పాఠశాల తానుగా హాల్ టికెట్లన్నీ పోగుచేసి పూజలో పెట్టించడం వేరు సంగతి, అది ఆపవలసిందే. డిసెంబరులో ఉపాధ్యాయుల చొరవతో బడి వేళల్లో ప్రార్థనలతో సహా జరిపే సెమీ క్రిస్మస్ వేడుకకూ ఇదే కొలత వర్తిస్తుంది. పూజ వద్దన్నవారు దీన్ని మాత్రం కళ్లు మూసుకుని వదిలేస్తే వాళ్ల మాటకు విలువ ఉండదు.

సరిహద్దు మీద నిలిచే విషయాలు కొన్ని ఉంటాయి, వాటిలో నా నిర్ణయాలతో అందరూ ఏకీభవించకపోవచ్చు. జ్యోతి ప్రజ్వలనను నేను ఉంచుతాను. దీపం వెలిగించడం మన సభల్లో అన్ని మతాలవాళ్లూ చేస్తున్న పని, దానికి శ్లోకం జోడించకుండా ఉంటే చాలు. మన రాష్ట్ర గీతం ‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’ పాటలో మంగళారతుల మాట ఉన్నా, అది మన నదులను, శిల్పాలను, కవులను తలుచుకునే గీతం, ఏ దేవతారాధనా కాదు; దాన్ని మార్చమనను. కానీ ఏ పిల్లయినా పాడకుండా నిలబడితే వదిలేయమంటాను. గోడ మీద సరస్వతి పటం ఉంటే దాన్ని దించమని గొడవ చేయను. దాని ముందు పిల్లలను వరుసగా నడిపించి మొక్కించడానికి మాత్రం ఒప్పుకోను. సాంస్కృతిక కార్యక్రమంలో ఒక అమ్మాయి అన్నమయ్య కీర్తనకు కూచిపూడి చేస్తే, మరో బృందం క్రిస్మస్ నాటిక వేస్తే అది కళాప్రదర్శన. చూసేవాళ్లు ప్రేక్షకులు, భక్తులుగా మారవలసిన అవసరం లేదు. సందేహం వచ్చిన ప్రతిసారీ నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ పని చేయని పిల్ల అందరి కళ్లలో పడుతుందా? పడేటట్లయితే ఆ అంశం అధికారిక కార్యక్రమంలో ఉండకూడదు.

ప్రార్థన తీసేస్తే వేడుక బోసిపోతుందనీ, పిల్లలకు గంభీరత, క్రమశిక్షణ అలవడవనీ మీ కమిటీలోని పెద్దలు బాధపడతారు. ఆ బాధలో నిజాయితీ ఉంది, దానికి గౌరవంగా జవాబు చెప్పాలి. సభ మొదలవుతుందనే నిశ్శబ్దం, మనకంటే పెద్దదాని ముందు నిలబడ్డామన్న భావన మనుషులకు అవసరమే. ఆ అవసరం తీర్చే మార్గాన్ని మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 వరకు ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణనే సూచించారు. ఆయన అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, విద్యాసంస్థలన్నీ కొన్ని నిమిషాల మౌనధ్యానంతో రోజు ప్రారంభించాలని సిఫార్సు చేసింది. మత, నైతిక విద్యపై 1959లో నియమితమైన శ్రీప్రకాశ కమిటీ కూడా దాదాపు అదే చెప్పింది. ఆ తర్వాత కొఠారి విద్యా కమిషన్, మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి బోధించడం వేరు అని విడమరచి, ప్రభుత్వ పాఠశాలలకు రెండవదాన్నే అప్పగించింది. వేదాంతంలో అంతటి పండితుడైన రాధాకృష్ణన్ మౌనాన్ని సూచించడం నాకు చాలా అర్థవంతంగా అనిపిస్తుంది. మౌనంలో ఒక పిల్ల గాయత్రిని తలుచుకోవచ్చు, ఒక పిల్ల పరలోక ప్రార్థన చేసుకోవచ్చు, ఒకరు ఫాతిహా చదువుకోవచ్చు, మరొకరు ఊరికే ఊపిరి పీల్చుకోవచ్చు; ఎవరు ఏం చేశారో పక్కవాడికి తెలియదు. నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నప్పుడు ఉదయం శ్లోకం బదులు రెండు నిమిషాల మౌనం పెట్టాను. మొదటి పదిహేను రోజులూ చిన్న తరగతుల పిల్లలు నవ్వులు ఆపుకోలేకపోయారు, కొందరు ఉపాధ్యాయులు పెదవి విరిచారు. తర్వాత అది పాఠశాలలో అందరూ ఎదురుచూసే సమయంగా మారింది, ఆలస్యంగా వచ్చిన పిల్లలు గేటు దగ్గరే ఆగి మౌనం ముగిశాకే అడుగు పెట్టేవారు.

అందరినీ కలిపే మాటలు కావాలనుకుంటే అవి మన ఊళ్లోనే పుట్టాయి. దేశంలోని బడుల్లో పిల్లలు చెప్పే ప్రతిజ్ఞను రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందినవారు. 1962లో ఆయన విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారిగా పనిచేస్తూ దాన్ని రాశారు. తెన్నేటి విశ్వనాథం ద్వారా అది అప్పటి విద్యాశాఖ మంత్రి పి.వి.జి. రాజు దగ్గరకు చేరింది, 1963లో మన ఊరి బడిలోనే పిల్లల చేత మొదటిసారి చెప్పించారు, 1965 జనవరి 26 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చింది. అందులో ఏ దేవుడి పేరూ లేదు. సహోదర భావం ఉంది, పెద్దల పట్ల గౌరవం ఉంది, జంతువుల పట్ల దయ ఉంది, ఇతరుల శ్రేయస్సులో మన ఆనందాన్ని చూసుకోవడం ఉంది. ఒక ప్రార్థన నుంచి పిల్లలు నేర్చుకోవాలని మనం ఆశించే నడవడి అంతా అందులో ఉంది. మన వార్షికోత్సవాల్లో దాన్ని గబగబా వల్లించి ముగించేస్తారు. మీ పాఠశాలలో దాన్ని వేడుకకు మొదటి అంశంగా పెట్టండి. మంచి గొంతున్న పిల్ల ఒక్కొక్క వాక్యమూ నెమ్మదిగా చెప్పగా తల్లిదండ్రులతో సహా అందరూ నిలబడి అనేలా చేయండి, అది ఎక్కడ రాసిందో రెండు మాటల్లో చెప్పించండి.

ఇక కమిటీ సమావేశం గురించి, అమ్మా, మీరు గెలవడానికి వెళ్లినట్టు మాట్లాడకండి. అభ్యంతరం చెప్పిన తల్లిదండ్రుల పేర్లు సమావేశంలో ఎత్తవద్దు, మినిట్స్ పుస్తకంలో కూడా రాయనివ్వవద్దు. పేర్లు బయటపడితే మర్నాడు ఆ మాట వాళ్ల పిల్లల దగ్గరకు చేరుతుంది. పూజ కావాలన్నవారిని మతోన్మాదులనీ, వద్దన్నవారిని సంస్కృతి లేనివారనీ అనడం రెండూ అన్యాయమే. పూజ మీద మనసున్న తల్లిదండ్రులు దసరాల్లో గుడిలో తమ పిల్లల చేత చక్కగా సరస్వతీ పూజ చేయించుకోవచ్చు, శ్రీపంచమినాడు అక్షరాభ్యాసం చేయించుకోవచ్చు, దానికి పాఠశాల మైకూ వేదికా అక్కర్లేదని నెమ్మదిగా చెప్పండి. ముందుగా ప్రధానోపాధ్యాయులతో విడిగా మాట్లాడండి. వారికి పైనుంచి, ఊరి పెద్దల నుంచి ఎన్నో ఒత్తిళ్లు ఉంటాయి, కమిటీ తీర్మానం చేతిలో ఉంటే వారికి నిలబడేందుకు ఒక ఆధారం దొరుకుతుంది. తీర్మానంలో ఎవరినీ నొప్పించే మాటలు వద్దు. పాఠశాల అధికారిక కార్యక్రమాలు మౌనం, ప్రతిజ్ఞ, రాష్ట్ర గీతంతో ప్రారంభమై జాతీయగీతంతో ముగుస్తాయని, ఏ మతారాధనా వాటిలో భాగం కాదని రెండు వాక్యాలు చాలు. మంచినీటి ట్యాంకో, తరగతి గదో కట్టించిన దాత వచ్చి కొబ్బరికాయ కొట్టి ప్రారంభిస్తానంటే, పిల్లలను పిలవకముందే ఆయన తన మటుకు తాను మొక్కుకోవచ్చనీ, పిల్లల సభ మాత్రం ఈ పద్ధతిలో ఉంటుందనీ ముందు రోజే చెప్పాలి. వేదిక మీద చెబితే అవమానంగా తీసుకుంటారు.

తీర్మానం ఓడిపోయే పరిస్థితి కనిపిస్తే, కనీసం మూడవ క్లాజును అమలు చేయించండి: పూజను ఆహ్వాన పత్రికలోని సమయానికి అరగంట ముందు, సభతో సంబంధం లేకుండా, రావాలనుకున్నవాళ్లతో జరుపుకోమనండి, ఆ అరగంటలో ఏ పిల్లకూ హాజరు వేయకూడదు, ఎవరికీ డ్యూటీ వేయకూడదు. ఇది నాకు నచ్చిన పరిష్కారం కాదు, పూజ పాఠశాల పేరు మీదే జరుగుతుంది కనుక. అయినా రాలేనన్న పిల్లను రప్పించే పరిస్థితి తప్పుతుంది. ఆహ్వాన పత్రికలు ఇప్పటికే పంచేసి ఉంటే మళ్లీ అచ్చు వేయించే ఖర్చు పెట్టుకోకండి. వేదిక మీద వ్యాఖ్యాత చదివే కార్యక్రమ పట్టికను మార్చి, ఆ మార్పును రెండు రోజుల ముందే తరగతి ఉపాధ్యాయుల ద్వారా పిల్లల డైరీల్లో రాయించి ఇంటికి పంపించండి.